గుండె కట్టుబడి చూసిన మేడమ్

పరీక్ష హాల్లోకి ఫోన్లు తీసుకెళ్ళకూడదు. అందుకని మా జువాలజీ మేడమ్ పోయిన సంగతి నాకు మూడు గంటలు ఆలస్యంగా తెలిసింది. జవాబు పత్రాలు కట్టగట్టి అప్పజెప్పి బయటికొచ్చి ఫోను తెరిస్తే, కాలేజీలో అటెండరుగా చేసి రిటైరైన మనిషి దగ్గర్నించి ఏడు కాల్స్ ఉన్నాయి. తిరిగి చేశాను.

"మేడమ్ గారు వెళ్ళిపోయేరండి మాస్టారూ," అన్నాడు. "పొద్దున్న టీ పెట్టుకుని వరండాలో కూర్చున్నారంటండి. వాళ్ళ చెల్లెలుగారు వచ్చి చూసేసరికి అయిపోయిందంటండి. గుండె అంటన్నారు."

ఆవిడే ఉండి ఉంటే ఆ మాటతో ఊరుకునేవారు కాదు. "గుండె అంటే సరిపోదండి, గుండెలో ఎక్కడ?" అని అడిగేవారు. ఏడుపు రావలసిన సమయంలో నాకు ముందు ఆ ప్రశ్నే గుర్తొచ్చింది.

నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి. సైన్సుతో నా పరిచయం పదో తరగతితో తెగిపోయింది. ఆవిడ గురించి రాయడానికి నాకంటే అర్హులు చాలామంది ఉన్నారు. అయినా తల్లి కడుపులో గుండె ఎలా తయారవుతుందో నాకు చెప్పింది ఆవిడే. ఆ చెప్పడం వల్ల మా ఇంట్లో ఒక మనిషి మళ్ళీ తల ఎత్తుకుని తిరగగలిగింది. అందుకే ఈ నాలుగు మాటలు.

నేను అమలాపురం కాలేజీలో చేరేనాటికి ఆవిడకి నలభై దాటాయి. రాజోలు దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. తాతలూ తల్లిదండ్రులూ పొలం కూలికి వెళ్ళినవాళ్ళు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆవిడే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "గుర్తు రాలేదండి" అని నవ్వేసేవారు. ఉద్యోగం చేస్తూనే, ఆ వయసులో పీహెచ్‌డీకి రిజిస్టరు చేయించుకున్నారు. పుట్టుకతో వచ్చే గుండె లోపాలు పిండంలో ఎప్పుడు, ఎలా మొదలవుతాయన్నది ఆవిడ ఎత్తుకున్న ప్రశ్న. మనిషి పిండాన్ని చూడలేరు కాబట్టి కోడిగుడ్డులో చూసేవారు. మొదట్లో మనిషి గుండె, కోడి గుండె రెండూ దాదాపు ఒకే తీరులో తయారవుతాయట.

దుకాణంలో అమ్మే గుడ్లు పనికిరావు. వాటిలో పిల్ల ఉండదు. పుంజుతో తిరిగే నాటుకోడి గుడ్లు కావాలి. అంబాజీపేట చుట్టుపక్కల కోళ్ళు పెంచే ఆడవాళ్ళు ఆవిడ కోసం దాచి ఉంచేవారు. వాళ్ళంతా ఆవిడ అవి తింటారనే అనుకునేవారు. అన్ని గుడ్లు తిని కూడా మనిషి ఇంత సన్నగా ఉండడమేమిటని వాళ్ళకి ఆశ్చర్యం. ఒకసారి నేనూ అదే బస్సులో ఉన్నాను. దూది పరిచిన బుట్ట ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు.

"ఆ బుట్ట పైన పెట్టేయండి మేడమ్ గారూ, జనం ఎక్కుతారు," అన్నాడు కండక్టరు.

"వద్దండి, ఊగుద్దండి. ఒళ్ళోనే ఉండనివ్వండి."

"గుడ్లే కదండీ?"

"ఆయ్, గుడ్లేనండి. లోపల ఇంకా పని మొదలవలేదు. మొదలయ్యేదాకా కుదపకూడదండి."

కండక్టరు బుట్ట వంకా ఆవిడ వంకా చూసి, పక్క సీటులో ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

స్టాఫ్ రూములో ఒక మధ్యాహ్నం నేనే అడిగాను, ఇంతకీ ఏం చూస్తున్నారని. ఆవిడ సంచిలోంచి జానెడు సైకిల్ ట్యూబు ముక్క తీశారు. క్లాసులో చూపించడానికి ఎప్పుడూ సంచిలో ఉండేది. రెండు కొసలూ నా చేత గట్టిగా పట్టించారు.

"గుండె మొదట ఇలాగే ఉంటుంది మాస్టారూ, ఒక సన్న గొట్టం. రెండు కొసలూ కదలవు. మధ్యలో మాత్రం పొడుగు పెరుగుద్ది. పెరిగితే ఏం చేస్తాది? వంగాలి కదండీ." అంటూ ట్యూబుని మధ్యలో తోశారు. అది ఒక పక్కకి మెలిక తిరిగింది. "కుడిపక్కకే వంగుద్ది. ఆ మెలిక సరిగ్గా పడితేనే ఏ గది ఎక్కడుండాలో అక్కడికొస్తాది. ఆ తర్వాత లోపల్నించి గోడలు లేస్తాయి. ఒక్క గది నాలుగు గదులవుద్ది. గోడలో చిట్టచివర ఒక చిన్న సందు మిగులుద్ది. అది పూడితే మీలాంటివాళ్ళు, నాలాంటివాళ్ళు. పూడకపోతే గుండెలో రంధ్రంతో పుట్టిన బిడ్డ."

"ఎడమపక్కకి ఎందుకు వంగదండీ?"

ఆవిడ మొహం వెలిగిపోయింది. "అడగాల్సిందే అడిగేరు! దాని కోసం ప్రపంచంలో ఎంతమంది కూర్చున్నారోనండి. కొంత తెలిసింది, కొంత తెలీదు." ట్యూబు సంచిలో పెట్టుకుంటూ ఇంకో మాట అన్నారు. ఆ మాట నేను తర్వాత ఎన్ని క్లాసుల్లో వాడుకున్నానో. "మనమైతే ఇల్లు కట్టేక కాపురం పెడతాం. గుండె అలా కాదు మాస్టారూ. కాపురం చేస్తానే ఇల్లు కట్టుకుంటాది. ఒక్క క్షణం పని ఆపకుండా గోడలు లేపుకోవాలి. ఏ మేస్త్రీ చేస్తాడండి అలాంటి కట్టుబడి?"

ఆ వారంలోనే ల్యాబుకి పిలిచారు. ఇంక్యుబేటర్లో మూడో రోజు గుడ్డు. పెంకు మీద చిన్న కిటికీలా కోసి టేపు అంటించి ఉంది. టేపు తీసి దీపం దగ్గరగా జరిపి, మైక్రోస్కోపులో చూడమన్నారు. పచ్చసొన మీద దారాల్లాంటి ఎర్రటి రక్తనాళాలు. వాటి మధ్యలో ఆవగింజంత చుక్క. నేను చూస్తున్నది ఏమిటో అర్థమయ్యే లోపలే ఆ చుక్క ముడుచుకుంది. మళ్ళీ విచ్చుకుంది. మళ్ళీ ముడుచుకుంది. ప్రతిసారీ దారాల్లో నెత్తురు ఒక అడుగు ముందుకు జరుగుతోంది.

నేను తల ఎత్తలేకపోయాను. పక్కనుంచి ఆవిడ గొంతు మెల్లగా వినపడుతోంది. "మెదడు నుంచి నరం ఇంకా దాని దగ్గరికి చేరలేదండి. కొట్టుకోమని ఎవరూ చెప్పలేదు. దానంతటదే మొదలెట్టింది. డిగ్రీ రెండో ఏడు ప్రాక్టికల్స్‌లో మొదటిసారి చూసేను. ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయేను. ఇప్పటికీ చూసిన ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తాది."

పని అయిపోయిన గుడ్లని ఆవిడ కాలవలో పారేయనిచ్చేవారు కాదు. ల్యాబు వెనక కొబ్బరిచెట్టు మొదట్లో స్వయంగా గొయ్యి తీసి పూడ్చేవారు. పూడ్చి, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నిలబడేవారు. ప్రార్థనా అని అడిగితే, "థాంక్స్ చెప్తన్నానండి," అన్నారు.

మరుసటి ఏడు మాకు అమ్మాయి పుట్టింది. మూడో వారానికి పాలు తాగుతుంటే ఆయాసం, ఒళ్ళంతా చెమట. కాకినాడలో డాక్టరు పరీక్ష చేసి గుండె గోడలో రంధ్రం ఉందన్నారు. మందులిచ్చి, కాస్త పెరిగాక ఆపరేషను అవసరం కావచ్చన్నారు. ఇంటికి తిరిగొచ్చిన సాయంత్రం మా అమ్మ గుమ్మంలోనే మా ఆవిడతో అంది, "చెప్తే విన్నావా? గ్రహణం నాడు బయటికి రావద్దంటే పెరట్లోకెళ్ళి బట్టలు తీసేవు." ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆమె ఎవరి మొహంలోకీ చూసేది కాదు. బిడ్డకి పాలిస్తూ గోడవైపు తిరిగి కూర్చునేది. చుట్టాలొస్తే లోపలి గదిలోకి వెళ్ళిపోయేది. నేను మా అమ్మకి ఎదురు చెప్పలేదు. నాకూ ఆ అనుమానం ఎక్కడో ఒక మూల ఉందని ఇప్పుడైనా ఒప్పుకోవాలి.

కాలేజీలో నా వాలకం చూసి మేడమ్ అడిగారు. చెప్పాను. ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చేశారు. బిడ్డను ఎత్తుకుని, వేళ్ళూ పెదాలూ చూసి, మా అమ్మ పక్కన మంచం మీద కూర్చున్నారు.

"నేను డాక్టర్ని కాదండి అమ్మగారూ. గుడ్లలో పిండాలు చూసే దాన్ని. ఒక మాట అడగనాండి? గ్రహణం వచ్చినప్పుడు మీ కోడలుగారికి ఎన్నో నెలండి?"

"ఆరో నెలండి."

"ఆ గోడ కట్టుబడి మూడో నెల నిండకుండానే అయిపోద్దండి. నెల తప్పిందని మీకు చెప్పేరే, ఇంచుమించు ఆ రోజుల్లోనే. గ్రహణం వచ్చేటప్పటికి ఆ గుండెలో గోడ కట్టే పని అయిపోయి మూడు నెలలు దాటిందండి. మిగిలిన సందు అప్పటికే మిగిలిపోయింది. తర్వాత బట్టలు తీసినా, తియ్యకపోయినా ఒకటేనండి."

మా అమ్మ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. ఆవిడ మొండి మనిషే గానీ నెలల లెక్క తెలిసిన మనిషి. నలుగుర్ని కన్నది.

"మరైతే ఎవరి తప్పండీ?" అంది చివరికి.

"తెలీదండి. అదే చూస్తన్నాను. తెలిసేదాకా ఎవరి మీదా వెయ్యకూడదు కదండీ."

లోపలి గదిలోంచి మా ఆవిడ ఏడుపు వినపడింది. బిడ్డ పుట్టాక ఆమె పైకి వినపడేలా ఏడవడం అదే మొదటిసారి. మా అమ్మ లేచి లోపలికి వెళ్ళింది. ఏమని ఓదార్చిందో నాకు తెలియదు. బయటికొచ్చి మేడమ్‌కి టీ ఇచ్చింది. ఆ తర్వాత మా ఇంట్లో గ్రహణం మాట మళ్ళీ రాలేదు.

ఆవిడ పరిశోధన మూడో ఏడు చివరికొచ్చింది. తల్లికి ఒంట్లో చక్కెర ఎక్కువైతే బిడ్డ గుండె గోడ మీద ఆ ప్రభావం ఎలా పడుతుందన్నది ఆవిడ చూస్తున్నారు. కొన్ని గుడ్లలో చక్కెర నీళ్ళ చుక్క వేసేవారు, పోల్చి చూసుకోడానికి కొన్నిట్లో ఉత్త ఉప్పునీళ్ళ చుక్క. చక్కెర వేసిన గుడ్లలో గోడలు పూడనివి చాలా ఎక్కువగా కనిపించాయి. ఒక సభలో ఆ ఫలితాలు చదివితే అందరూ మెచ్చుకున్నారు. థీసిస్ సగం రాసేశారు.

ఒక రోజు మా అటెండరు, మొన్న నాకు ఫోను చేసిన మనిషే, ఇంక్యుబేటరు కడిగి, పై అర గుడ్లు కిందా కింది అర గుడ్లు పైనా పెట్టేశాడు. గుడ్ల మీద గుర్తులు ఉన్నాయి కాబట్టి ఆవిడ పట్టించుకోలేదు. తీరా ఆ విడత గుడ్లు కోసి చూస్తే లెక్క తిరగబడింది. చక్కెర వేసినవి బాగానే ఉన్నాయి. ఉప్పునీళ్ళు వేసినవాటిలో గోడలు పూడలేదు.

ఆవిడ కెమిస్ట్రీ వాళ్ళ దగ్గర్నించి రెండు థర్మామీటర్లు తెచ్చి, పై అరలో ఒకటీ కింది అరలో ఒకటీ పెట్టారు. పై అరలో వేడి ఎక్కువగా ఉంది. మూడేళ్ళూ చక్కెర గుడ్లు పై అరలోనే ఉండేవి. చక్కెర వల్ల అనుకున్నది చాలావరకు ఆ వేడి వల్ల.

నేను వెళ్ళేసరికి అటెండరు మూల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నా వల్లేనండి మేడమ్ గారూ, చూసుకోకుండా మార్చేసేను," అంటున్నాడు.

"నువ్వు మార్చకపోతే నేను అబద్ధం రాసి డాక్టరేటు తీసుకునేదాన్నయ్యా," అన్నారావిడ. "నీకు నేను దండం పెట్టాలి." నిజంగానే పెట్టారు. అతను బెదిరిపోయి బయటికెళ్ళిపోయాడు.

అప్పుడు నేనొక మాట అన్నాను. ఇరవయ్యేళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేదు. "ఈ ఒక్క విడతా పక్కన పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది మేడమ్ గారూ? ఇక నుంచి జాగ్రత్తగా చేసుకోవచ్చు కదా. మూడేళ్ళ కష్టం."

ఆవిడ కోప్పడలేదు. అందుకే అది ఇంకా గుచ్చుకుంటుంది. "మీ అమ్మగారికి నేనేం చెప్పేనండి మాస్టారూ? తెలిసేదాకా ఎవరి మీదా వెయ్యకూడదని. ఇప్పుడు నేను తెలిసి తెలిసి చక్కెర మీద వేసేస్తే, ఆ కాగితం చదివిన డాక్టరు రేపెవరో తల్లిని 'నీ చక్కెర వల్లే' అంటాడు. మళ్ళీ ఒక ఆడది గోడవైపు తిరిగి కూర్చుంటాది."

మా ఆవిడ గోడవైపు తిరిగి కూర్చునేదని నేను ఎన్నడూ చెప్పలేదు. ఆవిడే చూశారు.

సభ పెట్టినవాళ్ళకి తన ఫలితాలు తప్పని ఉత్తరం రాశారు. గైడుకి స్వయంగా వెళ్ళి చెప్పారు. ఆయన ఒక పూట కూర్చుని ఆ లెక్కలన్నీ చూశారట. తర్వాత, "మళ్ళీ మొదలెట్టు," అన్నారట. ఆవిడ మళ్ళీ మొదలెట్టారు. బస్సులో మళ్ళీ బుట్ట. ప్రతి రోజూ అరలు మార్చడం, ప్రతి అరకీ ఒక థర్మామీటరు, ఏ గుడ్డులో ఏం వేశారో తనకే తెలియకుండా అటెండరు చేత గుర్తులు పెట్టించడం. ఇంకో నాలుగేళ్ళు పట్టింది. నాకంటే చిన్నవాళ్ళు మధ్యలో డాక్టరేట్లు తెచ్చుకుని వెళ్ళిపోయారు. ఆవిడ వాళ్ళ సన్మానాలకి వెళ్ళి ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చేవారు.

ఆ మధ్యలోనే మా అమ్మాయికి నాలుగేళ్ళు నిండాయి. విశాఖపట్నంలో ఆపరేషను. పొద్దున్నే థియేటరు ముందు బల్ల మీద నేనూ మా ఆవిడా కూర్చుని ఉంటే, చేతిసంచితో మేడమ్ నడిచొచ్చారు. మా ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నారు. అయిదు గంటలు ఆ చెయ్యి వదల్లేదు. డాక్టరు బయటికొచ్చి గోడకి అతుకు వేశామని, పాప బాగుందని చెప్పాకే లేచారు. ఆ వారం ఇంక్యుబేటర్లో ఒక విడత గుడ్లు సరిగ్గా చూడాల్సిన గంటలకొచ్చాయనీ, ఆవిడ రావడంతో అవి మొత్తం పాడయ్యాయనీ అటెండరు తర్వాత చెప్పాడు. అడిగితే, "గుడ్లు మళ్ళీ పెట్టుకోవచ్చండి," అన్నారు. అంతే.

వైవా రోజున నేనూ వెళ్ళాను. వెనక బెంచీ మీద ఆవిడ తల్లి కూర్చుంది. జీవితమంతా వరి నాట్లు వేసిన మనిషి. నడుం అలాగే వంగిపోయి ఉంది. రెండు గంటలు ఇంగ్లీషులో సాగిన ప్రశ్నలన్నీ కదలకుండా విన్నది. అంతా అయ్యాక, బయట మెట్ల దగ్గర కూతుర్ని అడిగింది.

"ఇంతకీ ఏం కనిపెట్టేవే?"

"చిన్నదేనమ్మా. చక్కెర చెడుపు చేసే మాట నిజమే. నేను మొదట అనుకున్నంత కాదు. అదీ అన్ని రోజులూ కాదు, గోడ లేచే ఆ కొద్ది గంటల్లోనే ఎక్కువ. ఆ గంటలేవో చూసేను."

"ఆ గుండె ఎంతుంటాదే అప్పుడు?"

మేడమ్ చూపుడువేలి గోటి కొస చూపించారు. తల్లి ఆ గోటినే చూస్తూ ఉండిపోయింది. "ఇంతదాన్ని దేవుడు ఎంత నెమ్మదిగా మడత పెట్టేడే!" అంది. ఆ రోజు పరీక్షకులు అన్న పొగడ్తలేవీ మేడమ్‌కి గుర్తు లేవు. ఈ మాట మాత్రం ఎంతమందికి చెప్పారో.

ఆ తర్వాత ఆవిడ దగ్గరికి తల్లులు రావడం మొదలైంది. ఎవరు చెప్పారో, ఎలా తెలిసిందో. మామిడికుదురు, కొత్తపేట, ఇంకా దూరాల నుంచి, స్కాన్ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళింటి అరుగు మీద కూర్చోబెట్టేవారు. "నేను డాక్టర్ని కాదండి" అన్నది మొదటి మాట. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళారు, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు, వెళ్ళారా లేదా అన్నది రెండోది. ఆ తర్వాత సైకిల్ ట్యూబు. అత్తగారో భర్తో కూడా వస్తేనే పూర్తిగా చెప్పేవారు. "వినాల్సింది వాళ్ళండి," అనేవారు.

రిటైరయ్యాక కూడా ఆ ఆదివారాలు ఆగలేదు.

సమాధి కార్యక్రమం వాళ్ళ ఊళ్ళో చర్చి వెనక జరిగింది. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, మేడమ్ దగ్గర పాఠం విన్నవాళ్ళు ముందుకొచ్చి మట్టి వెయ్యండి అన్నారు. పాత విద్యార్థులు లేచారు. వాళ్ళతోపాటు, వెనక కొబ్బరిచెట్ల కింద నిలబడ్డ పాతికమంది ఆడవాళ్ళు కదిలారు. కొందరి చంకలో పిల్లలు, కొందరి పక్కన ఎదిగిన పిల్లలు. ఎవరో పాత విద్యార్థి ఒకామెను అడిగాడు, "మీరు ఏ బ్యాచ్ అండీ?"

"మేం కాలేజీలో చదవలేదండి," అందామె. "అరుగు మీద విన్నాం."

అతను పక్కకి జరిగి ఆమెకి దారి ఇచ్చాడు. మా ఆవిడ కూడా వాళ్ళతోనే వెళ్ళి మట్టి వేసింది.

ఆ తర్వాతి వారం మా అమ్మాయికి ఏటా చేయించే గుండె పరీక్ష. ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం చేస్తోంది, తనే వెళ్ళి చేయించుకుంటుంది. ఎప్పుడైనా నేను తోడు వెళ్ళినా, ఆ గది బయట కుర్చీలోనే కూర్చునేవాణ్ణి. లోపలికెళ్ళి ఆ తెర వంక చూసే ధైర్యం ఇన్నేళ్ళూ లేకపోయింది. ఈసారి నేనూ వస్తానన్నాను.

చీకటి గది. తెర మీద మొదట ఏమీ తెలియలేదు, బూడిదరంగు పొగలాంటిది కదులుతోంది. డాక్టరమ్మ వేలితో చూపించింది: ఇది ఎడమ గది, ఇది కుడి గది, మధ్యలో ఉన్నది గోడ. అప్పుడు పొగ విడిపోయి రూపం కట్టింది. గుండె కవాటాల రెక్కలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. గోడలో ఒకచోట మిగతా దానికంటే తెల్లగా, చిన్న గీత మెరుస్తోంది. అది అతుకు. గుండెతోపాటే కదులుతోంది. ఒక్క దెబ్బ కూడా వెనకబడకుండా.

"అంతా బాగుందండి," అంటూ డాక్టరమ్మ చేతిలోని పరికరం తియ్యబోయింది.

మా అమ్మాయి తల తిప్పి నన్ను చూసింది. "ఒక్క నిమిషం అలాగే ఉంచండి డాక్టరు గారూ," అంది. "నాన్న చూస్తున్నారు."

డాక్టరమ్మ చెయ్యి అక్కడే ఆగింది. తెర మీద రెక్కలు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, మళ్ళీ తెరుచుకున్నాయి.